కొలత తీయని గల్లీలు

హైదరాబాద్ నగరానికి నక్షా గీసినవాడిగా చరిత్రకారులు మీర్ మోమిన్ అస్తరాబాదీ పేరు చెబుతారు. ఇరాన్ నుంచి వచ్చి, మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పీష్వా అయి, చార్మినార్‌ను నడుమ పెట్టి నాలుగు దిక్కులకూ నాలుగు వీధులు వేయించాడు. ఆయన సమాధి ఉన్న దాయిరా సుల్తాన్‌షాహీలో ఉంది. మా గౌలిపుర నుంచి నడిచి పోయేంత దూరం. సాలార్‌జంగ్‌ల సమాధులూ అక్కడే. ఆ దాయిరా గోడ పక్క నుంచి బడికి, కిరాణా కొట్టుకు, హరిబౌలి అక్కన్న మాదన్న గుడికి మేం పోయిన పోకలకు లెక్క లేదు. లోపలికి వెళ్లి చూసినవాళ్లు ఎవరని అడిగితే మాత్రం మాలో లేచే చేతులు తక్కువ.

ఈ గల్లీల్లో పెరిగిన చాలామందిమి ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉన్నాం. కొందరం డల్లాస్‌లో, కొందరం లండన్‌లో. కొందరం చేసే పనే త్రీడీ. అమెరికాలో ఎవరో సోఫా కొనాలనుకుంటే, ఆ సోఫా వాళ్ల హాల్లో నిజంగా వేసినట్టే ఫోన్‌లో కనిపించాలి. ఆ కోడ్ రాసేది మేమే. సోఫా కాలి కింద నీడ సరిగా పడటం లేదని రాత్రి పదకొండింటికి మీటింగులు పెట్టుకుంటాం. అదే కోడ్‌లో సోఫా తీసేసి దాయిరా కమాను పెట్టొచ్చని తెలియక కాదు. తెలిసే పెట్టలేదు.

ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. 2011లో వెబ్‌జీఎల్ వచ్చాక బ్రౌజర్‌లోనే త్రీడీ బొమ్మను తిప్పి చూడటం వీలైంది. 2015లో మొజిల్లా వాళ్లు ఏ-ఫ్రేమ్‌ను ఉచితంగా ఇచ్చారు. వెబ్ పేజీ రాయడం వచ్చినవాడెవడైనా దానితో పది పదిహేను లైన్లలో ఒక గది కట్టి, చూసేవాణ్ని అందులో నిలబెట్టొచ్చు. 2019 డిసెంబర్‌లో క్రోమ్ బ్రౌజర్ వెబ్‌ఎక్స్‌ఆర్‌ను చేర్చుకుంది. ఇక యాప్ దించుకునే పని కూడా లేదు, లింకు ఉంటే చాలు. హెడ్‌సెట్ ఉన్నవాడు తగిలించుకుని లోపల తిరుగుతాడు, లేనివాడు ఫోన్ తెరను వేలితో జరుపుకుంటూ చూస్తాడు. ఇంట్లో కంప్యూటర్ లేకున్నా మనిషికో ఫోన్ ఉన్న బస్తీకి ఇంతకంటే అనువైనది ఏముంటుంది? పొద్దున లేస్తే శుభోదయం పూలబొమ్మలు వందమందికి పంపేవాళ్లం, ఒక దర్వాజాను పంపలేకపోయామా?

పంపాం, చార్మినార్‌ను. హ్యాకథాన్ అంటే చార్మినార్. కాలేజీ ప్రాజెక్టు అంటే చార్మినార్, మహా అయితే గోల్కొండ. నిజానికి వాటికి మా అవసరమే లేదు. 2013లోనే గూగుల్, కేంద్ర పురావస్తు శాఖ కలిసి దేశంలోని వంద కట్టడాలను 360 డిగ్రీల్లో చూపిస్తామని ప్రకటించాయి. 2022 జూలైలో స్ట్రీట్ వ్యూ మొదలైన పది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు 2013 నుంచి మరమ్మతులు పెట్టుకుని లేజర్ స్కానర్లతో కొలతలు తీశారు. చౌమహల్లాకు ట్రస్ట్ ఉంది, టికెట్ ఉంది, 2010లో వచ్చిన యునెస్కో పురస్కారం ఉంది. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడిపడితే తెల్లారేసరికి దేశమంతా తెలిసింది. వాటిని అడిగేవాళ్లున్నారు. అలియాబాద్ సరాయిని ఎవరు అడుగుతారు? కుతుబ్‌షాహీల కాలంలో బాటసారులు దిగిన సరాయి అది. కమానులకు షట్టర్లు బిగించి దుకాణాలు నడుస్తున్నాయి. అక్కడ బేరమాడి సామాను తెచ్చుకున్నాం కానీ, తలెత్తి పైన కమాను చూడలేదు.

గౌలిపుర పేరు మీద కూడా ఒక దర్వాజా ఉండేది. అసఫ్‌జాహీల తొలినాళ్లలో ఊరి చుట్టూ గోడ పూర్తయింది. దానికి పన్నెండు పదమూడు దర్వాజాలు, కిటికీలనే చిన్న దారులు కూడా అన్నే. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు నది వైపు గోడ చాలామటుకు పోయింది. మిగిలినదాన్ని మనుషులే కొట్టారు. అఫ్జల్ దర్వాజాను 1954లో తీసేశారు. ఇవాళ నిలిచి ఉన్నవి పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు రెండే. మా దర్వాజా ఎక్కడ ఉండేదని కొత్తవాళ్లు అడిగితే, అదిగో ఆటో స్టాండ్ దగ్గర, కాదు పాన్ డబ్బా దగ్గర అని గాల్లో చెయ్యి తిప్పుతాం.

ఆ వరద తర్వాతే లియోనార్డ్ మన్ అనే అధికారి ఈ ఊరిని గల్లీ గల్లీ కొలిపించాడు. 1910ల నాటి ఆ మున్సిపల్ సర్వేలో యాభై అడుగులకు ఒక అంగుళం లెక్క. ఇళ్ల గోడలు, బావులు, గుళ్లు, మసీదులు, సందులు దేనికది గీసి పెట్టారు. ఇప్పటికీ పాతబస్తీ మీద పరిశోధన చేసే ప్రతివాడూ ఆ పటాలే ముందేసుకుంటాడు. సర్వే మనుషులు కొలత గొలుసు పట్టుకుని ఎండలో నడిచి గీసిన కాగితాలవి. వందేళ్ల తర్వాత, లేజర్‌తో దూరం కొలిచే ఫోన్ జేబులో వేసుకుని తిరిగే మేం ఆ కాగితం మీద ఒక్క గీత కొత్తగా చేర్చలేదు.

కష్టమైన పని అని చెప్పి తప్పించుకోవడం మా అలవాటు కనుక, ఒక పాత ఇంటి దర్వాజాను త్రీడీలోకి ఎక్కించడానికి ఏం కావాలో చెబుతాను. ఫోన్ ఉంటే చాలు. ముందు తీసిన ఫొటోలో మూడింట రెండు వంతులు తర్వాతి ఫొటోలో మళ్లీ కనిపించేటట్టు, అడుగు అడుగు జరుగుతూ తీయాలి. కూర్చుని ఒక వరస, నిలబడి ఒకటి, చెయ్యి పైకెత్తి ఒకటి. ఎండ కొడితే నీడలు గోడకు అతుక్కుపోతాయి కాబట్టి మబ్బు పట్టిన పొద్దు మంచిది. ఆషాఢం ముసురు ఉందే, దీనికి అంతకంటే మంచి వెలుతురు దొరకదు. మచ్చ లేని తెల్ల సున్నపు గోడను సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేక గుంతలు పెడుతుంది. పెచ్చులూడి ఇటుక బయటపడ్డ చోట మాత్రం చక్కగా పట్టుకుంటుంది. పాతబస్తీలో దానికి కొరత లేదు. కరెంటు తీగలు, కేబుల్ వైర్లు, ముందు నిలిపిన స్కూటీ, మధ్యలో దూరే మేక, ఇవన్నీ అడ్డం. దుకాణాలు తెరవకముందే ముగించుకోవాలి. ఆ ఫొటోలను మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే రాత్రంతా నడిచి ఆకారం కడుతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. కోటి త్రికోణాల ఆ బరువును లక్షకు దించి, చవక ఫోన్‌లో కూడా ఆగకుండా తెరుచుకునేటట్టు చేయాలి. సోఫాలకు మేం రోజూ చేస్తున్నది అదే కదా.

అలా పట్టుకుంటే ఏం కనిపిస్తుంది? చెక్క గడప మీద ఏటేటా రాసిన పసుపు పొరలు కట్టి, అంచుల్లో పెచ్చులు లేచి ఉంటుంది. పైన కమానులో డంగు సున్నంతో చేసిన తీగ, ఆకులు. ఒక ఆకు సగం విరిగి లోపలి ఇటుక కనిపిస్తుంది. కుడి పక్కన కరెంటు మీటరు కోసం ఉలితో కొట్టిన రంధ్రం, అందులోంచి నల్ల వైరు. తలుపు పక్క గోడ మీద పల్స్ పోలియో వాళ్లు సుద్దతో వేసిన గుర్తులు, వాటి కింద జనాభా లెక్కల నంబరు. రాజుగారి కాలం నుంచి మొన్నటి పోలియో ఆదివారం దాకా అంతా ఒక్క గోడ మీదే ఉంటుంది. మేం చేసే త్రీడీ టూర్లలో ఇవేవీ ఉండవు. పొద్దున అయిదింటికే పోయి, గాజుల బండ్లు రాకముందు, మనిషి మసలకముందు తీసి, ‘ఎంత నీట్‌గా వచ్చిందో’ అని మురిసిపోతాం. వైర్లుంటే ఫొటోషాప్‌లో చెరిపేస్తాం. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఏనుగు మీద నడిచిన రోడ్డు, బోనాల్లో అక్కన్న మాదన్న ఘటం ఏనుగు మీద కదిలిన రోడ్డు మా త్రీడీలో చప్పుడు లేకుండా ఊడ్చినట్టు ఉంటుంది. బ్రౌజర్‌లో శబ్దాన్ని కూడా దిక్కు ప్రకారం పెట్టొచ్చు, తల తిప్పితే డప్పులు ఎడమ చెవి నుంచి కుడి చెవికి మారతాయి. ఆ సౌకర్యాన్ని మేం ఆటల్లో తుపాకీ మోతలకు వాడాం.

గుమ్మం ముందుకు వెళ్లకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది చెప్పుకోవడం కష్టం. పాతబస్తీలో టేపు పట్టుకుని కనిపించినవాడు మంచివార్త తేడు. కెమెరా చూడగానే అరుగు మీది అవ్వ అడుగుతుంది.

“ఏం బిడ్డా, కొలతలు తీస్తున్నరు? రోడ్డు వెడల్పు జేస్తరా?”

“లేదవ్వా, కంప్యూటర్ల పెడ్తం. అందరు జూస్తరు.”

“జూసి ఏంజేస్తరు?”

గోడ మీద ఎర్ర గుర్తు పడ్డ ఇళ్లు ఆమె చాలా చూసింది. ఇంటి మీద అన్నదమ్ముల పంచాయితీ ఉంటుంది, కోర్టు కేసు ఉంటుంది, వక్ఫ్ తకరారు ఉంటుంది. లోపలి ఆంగనం ఫొటో నెట్‌లో పడితే రేపు అది ఏ కాగితానికి సాక్ష్యం అవుతుందోనని భయం. ఆమె ఇల్లు, ఆమె ఇష్టం. ఏది చూపాలి, ఏది చూపకూడదు అని ఇంటివాళ్ల పక్కన కూర్చుని, చాయ్ తాగి, వాళ్లు వద్దన్నది వదిలేసి చేయాల్సిన పని ఇది. కోడ్ రాయడానికి రాత్రిళ్లు మేలుకునే మాకు ఆ అరుగు మీద గంటసేపు కూర్చునే ఓపిక లేకపోయింది.

2025 మొదట్లో మెట్రో కోసం దారుల్‌షిఫా నుంచి శాలిబండ వైపు రోడ్డు పొడుగునా ఇళ్లు, దుకాణాలు కొట్టడం మొదలైంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల లైను. గజానికి 81 వేల రూపాయల లెక్కన పరిహారం చెక్కులు ఇచ్చారు. మెట్రో వద్దని నేను అనను. మా అమ్మానాన్నలు అఫ్జల్‌గంజ్ దాకా బస్సుల్లో వేలాడిన దారి అది, ఈ లైను మాకు ఎప్పుడో రావాల్సింది. గుళ్లు, మసీదులు, చారిత్రక కట్టడాలను కదిలించబోమని అధికారులు చెప్పారు. కదిలినవి మామూలు ఇళ్లు. కింద దుకాణం, పైన కాపురం, గోడలో దీపం గూడు, మెట్ల కింద నీళ్ల హౌజు. ఏ జాబితాలోనూ పేరు లేని ఇళ్లు కాబట్టే వాటి కొలత ఇంటి పక్కవాళ్లం మేం తీయాలి. ముందు సర్వే జరిగింది, నోటీసులు వచ్చాయి, పేపర్లో పడింది, తర్వాత కూడా నెలల తరబడి టైముంది. ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఫోన్ పట్టుకుని నడవడానికి మాకు ఒక ఆదివారం దొరకలేదు. కూలుతున్నప్పుడు వీడియోలు మాత్రం బాగా తీశాం. జేసీబీ పళ్లు గోడకు తగిలే క్షణానికి లైకులు ఎక్కువ.

2015 ఫిబ్రవరిలో ఐసిస్ మూకలు మోసుల్ మ్యూజియంలో విగ్రహాలు పగలగొట్టిన వీడియో వచ్చింది. మాథ్యూ విన్సెంట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరుడు వెంటనే ప్రపంచాన్ని పాత ఫొటోలు అడిగారు. ఎవరెవరో ఎప్పుడో సరదాకు తీసి మరిచిపోయిన ఫొటోలతోనే మోసుల్ సింహం త్రీడీలో మళ్లీ లేచి కూర్చుంది. ఆ ఊళ్లోనే పుట్టిన బెన్ కసీరా, బామియాన్ బుద్ధుల్ని 2001లో పేల్చేశాక, 2003లో సైఆర్క్ సంస్థ పెట్టి దేశదేశాల కట్టడాలను లేజర్‌తో కొలిపిస్తూ వచ్చాడు. పారిస్ నోత్రదామ్‌ను ఆండ్రూ టాలన్ 2010లో స్కాన్ చేశాడు. 2018లో ఆయన పోయాడు, మరుసటేడు చర్చి తగలబడింది, మళ్లీ కట్టడంలో ఆ కొలతలు పనికొచ్చాయి. వీళ్ల కథలు మాకు కంఠస్థం. ఆఫీసు ప్రెజెంటేషన్లలో మొదటి స్లైడు అదే.

మాకు ఫొటోల కొరత కూడా లేదు. గౌలిపురలో ఏ ఇల్లు చూసినా పెళ్లి ఆల్బం ఉంటుంది. బోనం ఎత్తుకున్న అక్క వెనక ఒక కమాను, పోతరాజు వెనక ఒక దేవిడీ గేటు, గణపతి లారీ వెనక చెక్క జాలీల బాల్కనీ. చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్‌ను 2000లో కూల్చారు. అంతకుముందు ఆ దారిన ఎన్ని బరాత్‌లు పోయాయో, ఎన్నిసార్లు ఫ్లాష్ వెలిగిందో. ఆల్బంలో అందరం మనుషుల మొహాలే వెతుక్కుంటాం, వెనక గోడ ఎవరి కంటా పడదు. ఆ ట్రంకు పెట్టెలు తెరవమని ఏ ఇంటి తలుపూ తట్టలేదు. ఫొటో చూసి ‘ఇది ఫలానా వాళ్ల దేవిడీ, ఈ పక్కన బావి ఉండె’ అని చెప్పగలిగే పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఎప్పుడో ఉత్సాహపడి చేసినవి కొన్ని లేకపోలేదు. వాటి గతి మరీ సిగ్గు. ఒకప్పుడు 360 డిగ్రీల టూర్లంటే ఎక్కువ ఫ్లాష్‌లోనే ఉండేవి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మంగళం పాడారు. మైక్రోసాఫ్ట్ ఫొటోసింత్ 2017లో, గూగుల్ పాలీ 2021లో, మొజిల్లా హబ్స్ 2024లో మూతపడ్డాయి. మేం దాచుకున్నది అద్దె ఇంట్లో పెట్టిన దేవుడి గూడు, ఓనరు ఖాళీ చేయమన్న రోజు మూట కట్టుకునే తెలివి కూడా లేకపోయింది. ముడి ఫొటోలు ఎవడి ల్యాప్‌టాప్‌లోనో ఉండేవి. ఉద్యోగం మారి ల్యాప్‌టాప్ కంపెనీకి అప్పజెప్పేశాక అవీ లేవు. జీఎల్‌టీఎఫ్ ఫార్మాట్ 2022లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో భద్రం చేసి రెండు మూడు చోట్ల కాపీలు పెట్టుకుంటే ఏ కంపెనీ తలుపులు వేసినా భయం లేదు. ఈ పాఠం కొత్తగా చేరిన పిల్లలకు మేమే చెబుతాం. సోఫాకు మూడు బ్యాకప్‌లు ఉన్నాయి.

ఈ ఊళ్లోని ట్రిపుల్ ఐటీ వాళ్లు 2012లోనే ఒక పని చేసి చూపించారు. గోల్కొండలో ఏ కట్టడాన్నయినా ఫోన్‌తో ఫొటో తీస్తే, నెట్ లేకుండానే అదేమిటో ఫోనే చెబుతుంది. అది కూడా అప్పటి ఫోన్లతో. ఆ విద్యను గోల్కొండ నుంచి గౌలిపురకు నడిపించుకుని రావడానికి ఎవరమూ ఉత్తరం ముక్క కూడా రాయలేదు.

ఇక భాష సంగతి. త్రీడీలో అక్షరాలు పెట్టే పనిముట్లు ఇంగ్లిష్ లిపిని చూసుకుని తయారైనవి. ఏ-ఫ్రేమ్ తనతో తెచ్చుకునే అక్షరాల్లో తెలుగు లేదు. వేరే దారిలో తెచ్చిపెట్టినా చాలాసార్లు ఒత్తులు ఊడి పక్కన పడతాయి, అక్కన్న మాదన్నల పేరు తెలిసినవాడే చదవాలి. ఉర్దూలో కలవాల్సిన అక్షరాలు దేనికది విడిగా నిలబడతాయి. దీనికి విరుగుడు ఉంది. వాక్యాన్ని ముందు బ్రౌజర్ చేతనే బొమ్మగా గీయించి, ఆ బొమ్మను గోడకు తగిలిస్తే సరి. పూట పని. ఆ పూట కూడా పెట్టకుండా ‘ఇంగ్లిష్‌లో వేసేద్దాం, అందరూ అదే చదువుతారు’ అన్నాం. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ మాట్లాడుతూ పెరిగినవాళ్లం దబీర్‌పురా దర్వాజా గురించి ఎక్కడో విమానం ఎక్కబోయేవాడికి అర్థమయ్యేటట్టు రాశాం. అరుగు మీది అవ్వకు చూపించడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

హుడా కాలం నాటి 13వ నిబంధన కింద నగరంలోని వారసత్వ కట్టడాలకు ఒక జాబితా ఉండేది. 2015 డిసెంబర్‌లో ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది. కోర్టుల చుట్టూ తిరిగి కొట్లాడినవాళ్లు కొద్దిమంది, అందులోనూ తలలు నెరసినవాళ్లే ఎక్కువ. మేం వాళ్ల పోస్టులకు లైకు కొట్టాం. లోలోపల ‘పోతే పోనీ, స్కాన్ చేసి పెట్టుకుంటే పోలా’ అని ఒక ధీమా. ఆ స్కానూ చేయలేదు. నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వినవాళ్లకు డ్యామ్ నీళ్లు వస్తున్నాయని తెలుసు. తెలిసి, రాళ్లను కొండ మీదికీ అనుపుకూ మోసి మళ్లీ కట్టారు. మునిగిపోయే లోయకు నమూనా చేసి మ్యూజియంలో పెట్టారు. కరెంటు అక్కర్లేని వర్చువల్ టూర్ అది, ఇప్పటికీ పనిచేస్తోంది. గడువు తెలుసు కాబట్టి వాళ్లు చేశారనుకుందామా? శాలిబండ రోడ్డు ఇళ్ల గడువును నోటీసు మీద అచ్చేసి మరీ ఇచ్చారు.

డబ్బు లేదని మాత్రం అనలేం. ఆషాఢం వస్తే గౌలిపుర, లాల్‌దర్వాజా, ఛత్రినాక, ఉప్పుగూడ కుర్రాళ్లు చందా పుస్తకాలు పట్టుకుని బయల్దేరతారు. ఇవ్వాల్సిందే, బోనాలు లేని బస్తీ బస్తీయే కాదు. డల్లాస్‌లో ఉన్నవాళ్లు కూడా ఫోన్‌లోనే పంపుతారు, ఫ్లెక్సీ మీద వాళ్ల ఫొటో మాతో సమానంగా ఉంటుంది. ఒక రాత్రి డీజే బండికి ఇచ్చే డబ్బుతో చిన్న వెబ్‌సైటు ఏళ్ల తరబడి నడుస్తుంది. పుస్తకంలో స్టేజీకి ఇంత, పూలకు ఇంత, లైటింగుకు ఇంత, డీజేకు ఇంత అని పద్దులు వరసగా ఉంటాయి. వాటి కింద గల్లీ ఫొటోలకు, సర్వర్‌కు ఇంకో పద్దు రాయమని కమిటీని అడగడానికి మాలో ఎవరమూ ఇంతవరకు నోరు తెరవలేదు.